ఒరిజినలా, క్రాసా, ఊర కుక్కా?

సాయంత్రం కుక్కను తిప్పడానికి వీధిలోకి వెళ్తే ఎదురుపడేవాళ్లు దాని పేరు అడగరు. "ఒరిజినలేనాండీ, క్రాసా?" అంటారు. మా ఇంట్లో ఇప్పుడున్నది ఆ రెండిట్లో ఏదీ కాదు. గోధుమరంగు ఒళ్లు, నిక్కిన చెవులు, వీపు మీదికి సున్నా చుట్టిన తోక. టీకాల పుస్తకంలో 'జాతి' అన్న గడిలో డాక్టరుగారు 'ఎన్‌డీ' అని రాశారు. నాన్‌డిస్క్రిప్ట్, అంటే ఫలానా జాతి అని చెప్పలేనిది. పశువైద్యుల లెక్కలో మన ఊళ్లలో తిరిగే కుక్కలన్నీ ఆ ఒక్క మాట కిందికే వస్తాయి. తెలుగు నిఘంటువు తీస్తే కుక్కకు గ్రామసింహం అన్న పర్యాయపదం కనిపిస్తుంది. ఒకే జీవికి ఇంత దూరం ఉన్న రెండు పేర్లు.

కుక్కను తెచ్చుకుందామనుకునే ఇళ్లలో ఈ చర్చ ఇప్పుడు తప్పకుండా వస్తోంది. పిల్లవాడు హస్కీ కావాలంటాడు. తండ్రి ల్యాబ్ మేలంటాడు. వీధిలో ఇన్ని పిల్లలు దిక్కులేక తిరుగుతుంటే డబ్బు పోసి కొనడమేమిటని కాలేజీకెళ్లే అమ్మాయి అడుగుతుంది. చిన్నప్పుడు మా నాన్న తెచ్చిన అల్సేషియన్‌తో మొదలుపెట్టి, తర్వాత ఒక బొచ్చు కుక్కతో, ఆపైన రెండు ఊర కుక్కలతో బతికినవాణ్ణి కనుక నన్నూ అడుగుతుంటారు. జాతి అన్నది మూడో ప్రశ్న అంటాను. పుట్టిన మొదటి మూడు నెలలు ఆ పిల్ల ఎవరి మధ్య గడిపిందన్నది మొదటిది. మన ఇంట్లో మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరుంటారన్నది రెండోది. ఈ విషయం మీద తెలిసినవన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఆ మాట నిలుస్తుందనే నా నమ్మకం, కొన్ని ఆధారాలు నా ఇష్టానికి ఎదురు తిరిగినా సరే.

జాతి కుక్క అంటే అనాదిగా వస్తున్న వంశమని చాలామంది అనుకుంటారు. వేటకుక్కలూ గొర్రెల కుక్కలూ వేల ఏళ్లుగా ఉన్న మాట నిజమే. కానీ పుట్టుకలు నమోదు చేసే పుస్తకం, రంగూ ఎత్తూ చెవి వంపూ ఇంతే ఉండాలన్న కొలత, బయటి రక్తం కలవకూడదన్న కట్టుబాటు, ఇవన్నీ విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో వచ్చాయి. 1859లో న్యూకాసిల్‌లో పాయింటర్లకూ సెట్టర్లకూ పెట్టిన పోటీని తొలి డాగ్ షోగా చెబుతారు. 1873లో అక్కడ కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. మన కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1969 నాటిది. మామూలుగా తల్లీ తండ్రీ ఇద్దరూ పుస్తకంలో ఉంటేనే పిల్ల ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది. కేసీఐ పేపర్లున్నాయని అమ్మేవాళ్లు గొప్పగా చూపించే కాగితం చెప్పేది అంతే. తల్లి తుంటి కీళ్లు బాగున్నాయనిగానీ, తండ్రికి గుండెజబ్బు లేదనిగానీ అది చెప్పదు.

మేనరికాల సంగతి తెలుగువాళ్లకు మరొకరు చెప్పక్కర్లేదు. ఒక్క తరంలో జరిగితేనే డాక్టర్లు హెచ్చరిస్తారు. తలుపులు మూసిన పుస్తకంలో తరాల తరబడి అదే జరుగుతుంది. బ్రిటన్‌లోని పగ్‌ల వంశవృక్షాలు పరిశీలించిన లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్తలు 2008లో చెప్పిందేమిటంటే, అక్కడున్న పదివేల పగ్‌లలోని జన్యు వైవిధ్యం దాదాపు యాభై కుక్కలకు సరిపోయేంతేనని. అదే ఏడాది బీబీసీ జాతి కుక్కల బాధలమీద ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. దాంతో రేగిన గొడవలో క్రఫ్ట్స్ డాగ్ షోను బీబీసీ చూపించడమే మానేసింది. నార్వేలో సంగతి కోర్టుల దాకా పోయింది. కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ కుక్కల్ని ఇప్పుడున్న తీరులో ఈనించడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని 2023లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ మొత్తం చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది డాల్మేషియన్ కథ. తెల్లటి ఒంటిమీద నల్లచుక్కలుండే ఆ జాతిలో ప్రతి కుక్కకీ ఒక జన్యులోపం ఉండేది. మూత్రంలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా పోయి, రాళ్లు కట్టి, కొన్నిటికి మూత్రమే ఆగిపోయేది. జాతి లోపల ఎన్ని జతలు మార్చినా లాభం లేదు, అన్నిటిదీ అదే లోపం కనుక. 1973లో రాబర్ట్ షైబుల్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ను ఒకే ఒక్కసారి పాయింటర్‌తో కలిపాడు. పుట్టిన పిల్లల్లో యూరిక్ యాసిడ్ మామూలుగా ఉన్నదాన్ని ఏరి మళ్లీ డాల్మేషియన్‌తో కలిపాడు. తరం తరవాత తరం అదే పని. కొన్ని తరాలకే చుక్కలతో సహా చూడ్డానికి డాల్మేషియన్లే, కానీ రాళ్ల జబ్బు లేనివి. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ రెండు పిల్లల్ని నమోదు చేసింది. రక్తం చెడిందని జాతి అభిమానులు గోలపెట్టడంతో ఆపేసింది. మళ్లీ ఒప్పుకున్నది 2011లో. మందు చేతిలో ఉండీ మూడు దశాబ్దాలపాటు ఆ కుక్కలు నొప్పి పడ్డాయి, ఒక పుస్తకంలో పేరు మైలపడకూడదని.

ఇక్కడిదాకా చదివినవాళ్లు జాతి కుక్కంటే రోగాల పుట్టే అనుకోవచ్చు. అలాగని తీర్పు చెప్పడానికి లెక్కలు ఒప్పుకోవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యశాలలో పదిహేనేళ్ల రికార్డులు తిరగేసి 2013లో ప్రచురించిన అధ్యయనం 24 వంశపారంపర్య వ్యాధుల్ని పోల్చింది. పదింటిలో జబ్బు జాతి కుక్కలకే ఎక్కువ. పదమూడింటిలో తేడా కనిపించలేదు. మనవాళ్లు ల్యాబ్, అల్సేషియన్ల విషయంలో ఎక్కువగా భయపడే తుంటి కీలు లోపం కూడా ఆ పదమూడింటిలోనే ఉంది. మోకాటి లిగమెంటు తెగడం మిశ్రమ కుక్కల్లోనే ఎక్కువ. 2024లో బ్రిటన్‌లో అయిదు లక్షల ఎనభై నాలుగు వేలకు పైగా కుక్కల వివరాలతో ఆయుర్దాయం లెక్కగడితే జాతి కుక్కలకు 12.7 ఏళ్లు, క్రాస్‌లకు 12 ఏళ్లు వచ్చింది. మిశ్రమ కుక్క ఎక్కువకాలం బతుకుతుందని ఎన్నాళ్లుగానో చెబుతున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మాట ఇక గుడ్డిగా అనలేను. అదే లెక్కలో చప్పిడి ముక్కు మధ్యరకం మగకుక్కల ఆయుష్షు 9.1 ఏళ్లకు పడిపోయింది. అంటే జాతా కాదా అన్న గీత కంటే ఏ జాతి, ఎలాంటి ముఖం, ఎంత శరీరం అన్న గీతే లోతైనది.

చప్పిడి ముక్కు అనగానే మనకు 2003 నాటి సెల్‌ఫోన్ ప్రకటన గుర్తొస్తుంది. ఒక పిల్లవాడి వెనకాలే నడిచిన పగ్ దేశం మొత్తాన్నీ కట్టిపడేసింది. ఆ తర్వాత ఊరూరా పగ్‌లు దిగాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దానికున్న ప్రధాన దారి. ముక్కు రంధ్రాలు సన్నగా, అంగిలి వెనక భాగం పొడవుగా ఉన్న పగ్ రొప్పినా గాలి సరిగా ఆడదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో దానికి ప్రతి మధ్యాహ్నం ఊపిరి కోసం పోరాటమే. ముద్దుగా గుర్రుపెడుతోందని మనం అనుకునేది చాలాసార్లు శ్వాస అందక చేసే చప్పుడు. హస్కీది మరో రకం కష్టం. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన కుక్క అది. రెండు పొరల బొచ్చు, రోజుకు గంటల కొద్దీ పరుగు అడిగే ఒళ్లు. దాన్ని తెచ్చి ఏసీ గదిలో పెట్టినా పరుగు సంగతి ఏసీ తీర్చలేదు. మన వాతావరణంలో ఈ రెండు రకాలూ వద్దని సందేహం లేకుండా చెబుతాను.

ఇక స్వభావం. ల్యాబ్ సాధువనీ, అల్సేషియన్ కాపలాదారనీ, ఊర కుక్క మొరటుదనీ మన నోళ్లలో నలిగిన మాటలు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం పద్దెనిమిది వేలకు పైగా కుక్కల గురించి యజమానుల్ని ప్రశ్నలడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివింది. కుక్కకూ కుక్కకూ మధ్య ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది తొమ్మిది శాతమే అని తేలింది. వస్తువు విసిరితే తెచ్చివ్వడం, చెప్పిన మాట వినడం లాంటివాటిలో జాతి ప్రభావం కాస్త ఎక్కువ. కోపం, చిరాకు లాంటివాటిలో దాదాపు లేదు. దీన్ని అతిగా చదవకూడదు. పోలీసు జాగిలాలను తయారుచేసే మొయినాబాద్ శిక్షణ కేంద్రం ల్యాబ్రడార్లనూ బెల్జియన్ మాలినోయ్‌లనూ ఏరి తీసుకోవడానికి కారణముంది. నూరు పిల్లల్లో ఎన్ని ఆ పనికి పనికొస్తాయన్న లెక్క వాళ్లకు ముఖ్యం. ఇంట్లోవాళ్లకు కావలసింది నూరు కాదు, ఒక్క కుక్క. ఆ ఒక్కటీ ఎలా ఉంటుందో జాతి పేరు చూసి చెప్పలేం.

మరి దేన్ని చూసి చెప్పాలి? ఇక్కడే మొదటి మూడు నెలల సంగతి వస్తుంది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో పుస్తకం వేశారు. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనసు తెరిచి ఉంటుంది. అప్పుడు చూసిన మనుషులు, చప్పుళ్లు, వాసనలు దానికి లోకం. పద్నాలుగు వారాలదాకా మనిషి చేయి తగలకుండా పెరిగిన పిల్లలు ఆ తర్వాత మనుషులకు మచ్చికవడం దాదాపు అసాధ్యమైంది. ఇప్పుడు మన చుట్టూ చూడండి. టీకొట్టు అరుగు కింద ఈనిన కుక్కకు పుట్టిన పిల్ల ఆ తొమ్మిది వారాల్లో ఆటోలు, పిల్లల కేకలు, చీపురు చప్పుడు, బిస్కట్ పెట్టే పది చేతులు చూసి ఉంటుంది. ఊరవతల షెడ్డులో ఇనుప బోనులో పుట్టిన ఖరీదైన పిల్ల మేత వేసే ఒక్క మనిషిని తప్ప ఎవర్నీ చూసి ఉండదు. మంచి బ్రీడర్ ఇంట్లో, తల్లి పక్కన, ఇంటిల్లిపాది మధ్య పెరిగిన ల్యాబ్ పిల్లకు టీకొట్టు పిల్లకున్న అదృష్టమే ఉంటుంది.

ఒక పొరపాటు సరిచేయాలి. అమెరికాలో మిక్స్ అంటే పుస్తకపు జాతులు రెండో మూడో కలిసినది. మన ఊర కుక్క అలా పుట్టింది కాదు. నగరాల్లో ఈమధ్య కొంత కలగలుపు జరిగినా, పల్లెల్లో ఉన్నవి జాతుల పుస్తకాలు పుట్టకముందు నుంచీ మనిషి చెంత తమంతట తాము జతకడుతూ వచ్చిన పాత సంతతి. పొట్టి బొచ్చు, సన్నటి నడుము, మితమైన ఎత్తు, ఇవి ఈ ఎండకు, ఈ తిండికి కుదిరిన రూపాలు. దీనికి తోడు మనకు పేరున్న సొంత జాతులూ ఉన్నాయి. తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటక ముధోల్ అందరూ విన్నవే. కొల్లేటి చుట్టుపక్కల బాతుల్ని మళ్లించడానికి పెంచిన జొనంగి మన ఆంధ్ర కుక్క. మొరగడం కన్నా కూతలాంటి విచిత్రమైన గొంతు దానిది. పొలాలు చేపల చెరువులైపోవడంతో పని పోయి అది తరిగిపోయింది. కృష్ణా, పశ్చిమ గోదావరిలో చోటూ ఓపికా ఉన్నవాళ్లెవరైనా జాతి కుక్కే కావాలంటే దీన్ని నిలబెట్టమని అడగాలనిపిస్తుంది.

పాత సంతతి కనుక ఊర కుక్కకు జబ్బులు రావన్న మాటను మాత్రం నమ్మొద్దు. మనకు కనబడేవి బతికి బట్టకట్టినవి. చచ్చిపోయిన తోబుట్టువుల్ని మనం చూడలేదు. పార్వో, డిస్టెంపర్ పిల్లల్ని జాతి చూసి వదలవు. పిడుదుల జ్వరం హైదరాబాద్‌లో ఏ కుక్కకైనా వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి నాలుగు నెలల దాకా విడతలుగా టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా, ఈ ఖర్చు జాతి కుక్కకైనా ఊర కుక్కకైనా ఒక్కటే. మా పక్కింటివాళ్లు ఒక పెట్ షాపులో కొన్న గోల్డెన్ రిట్రీవర్ పిల్ల ఇంటికొచ్చిన అయిదో రోజున పార్వోతో పోయింది. నెలన్నర కూడా నిండని పిల్లను టీకా వేశామని చెప్పి అమ్మారు. కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కొనబోయేవాళ్లు ఆ నమోదు పత్రం అడగాలి, తల్లిని చూపించమనాలి. తల్లి మరో ఊళ్లో ఉందంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయాలి. తల్లి స్థితి చూస్తే చాలు, ఈనీ ఈనీ వేలాడిపోయిన పొట్ట, బెదురు చూపులు అన్నీ చెప్పేస్తాయి.

వీధి కుక్కను తెచ్చుకోవడం గురించి మాట్లాడుతూ 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో కుక్కల దాడిలో చనిపోయిన నాలుగేళ్ల బాలుణ్ణి మరిచిపోయి మాట్లాడలేను. ఆ తల్లిదండ్రుల ముందు ఏ కుక్కప్రేమికుడి వాదమూ నిలవదు. 2022లో లక్నోలో పెంపుడు పిట్‌బుల్ తన ఇంటి పెద్దావిడనే చంపింది. భయం ఒక వర్గానికి చెందినది కాదు. వీధిలో గుంపుకట్టిన, ఆకలితో ఉన్న, సంతాన నియంత్రణ జరగని కుక్క వేరు, పదో వారంలో ఇంట్లోకి వచ్చి పెరిగిన అదే కుక్క వేరు. దత్తతలతో వీధులు ఖాళీ అవుతాయని కూడా నేననను. అది ఆపరేషన్లూ టీకాలూ చేయాల్సిన పని. రేబిస్ ఆగాలంటే కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధి కుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వులో దత్తతకూ చోటుంది. తీసుకున్న కుక్క మళ్లీ వీధికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదే అని షరతు. న్యాయమైన షరతు అది.

పెద్ద కుక్కను దత్తత తెచ్చుకోవడం ఎలా ఉంటుందో నా అనుభవం చెబుతాను. మా రెండో ఊర కుక్క రెండేళ్ల వయసులో వచ్చింది. ఆపరేషన్ అయిన గుర్తుగా చెవి కొసన చిన్న గంటు. పదకొండు రోజులు మంచం కింద నుంచి రాలేదు. చీపురు ఎత్తితే పాచి మీద జారినట్టు జారి మూలకు పోయేది. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో తెలియదు. నన్నయ భారతం మొదట్లో ఏ తప్పూ చేయకుండానే దెబ్బలు తిన్న కుక్కపిల్ల కోసం తల్లి సరమ జనమేజయుణ్ణే వచ్చి నిలదీస్తుంది. మా దానికోసం అడగడానికి ఏ సరమా మిగల్లేదు. పన్నెండో రోజు రాత్రి నేను పేపరు చదువుతుంటే వచ్చి పాదం మీద గడ్డం ఆనించింది. ఇప్పటికీ చీపురంటే పక్కకు తప్పుకుంటుంది, ఆరేళ్లయినా. అలాంటి కుక్కను తెచ్చుకునేవాళ్లకు కావలసింది జాలి కాదు, నెలల తరబడి తొందరపెట్టకుండా ఉండగల ఓపిక. ఇంట్లో మూడేళ్ల పిల్లలుంటే ఇలా బెదిరిన కుక్కను తేవద్దని నిర్మొహమాటంగా చెబుతాను.

చాలామందికి తట్టని దారి ఒకటుంది. షెల్టర్లలో ఉండేవన్నీ ఊర కుక్కలే కావు. ఉద్యోగం మారిందనో, ఇల్లు చిన్నదనో, పిల్ల పుట్టిందనో వదిలేసిన ల్యాబ్‌లు, అల్సేషియన్లు, ఎండకు తాళలేని హస్కీలు, ఇక ఈనలేవని బ్రీడర్లు రోడ్డున వదిలిన ఆడకుక్కలు అక్కడ కనిపిస్తాయి. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్, విశాఖలో 1996లో మొదలైన వీఎస్‌పీసీఏ లాంటివి ఏళ్లుగా ఈ భారం మోస్తున్నాయి. ల్యాబ్ మీద మనసు పడ్డవాళ్లు నాలుగేళ్ల ల్యాబ్‌ను అక్కడినుంచి తెచ్చుకుంటే దాని ఎత్తు, స్వభావం, కీళ్ల స్థితి అన్నీ అప్పటికే తేలిపోయి ఉంటాయి. పిల్లను కొన్నప్పుడు చేసే ఊహాగానం ఉండదు.

అమెరికాలో స్థిరపడ్డ మన పిల్లల ఇళ్లలో ఈ ప్రశ్న డూడుల్ రూపంలో వస్తుంది. ఎలర్జీ రాదని నమ్మి గోల్డెన్‌డూడుల్, లాబ్రడూడుల్ కొంటారు. 1989లో ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్ సంస్థలో పనిచేసిన వాలీ కాన్రన్, భర్తకు ఎలర్జీ ఉన్న ఒక అంధురాలి కోసం ల్యాబ్‌నూ పూడుల్‌నూ కలిపాడు. దాని వెంట మొదలైన వ్యాపారాన్ని చూసి అది తన జీవితంలో పెద్ద పశ్చాత్తాపమని తర్వాత ఆయనే చెప్పాడు. ఎలర్జీ పుట్టించే పదార్థం ఈ కుక్కలున్న ఇళ్లలో తక్కువేమీ లేదని తర్వాతి కొలతలు చూపించాయి. క్రాస్ అన్న మాటే ఆరోగ్యానికి హామీ కాదు. తల్లీ తండ్రీ ఇద్దరికీ తుంటి లోపముంటే పిల్లకు పూడుల్ ఉంగరాల జుట్టుతోపాటు అదీ రావచ్చు.

పిల్లలు విదేశాలకు వెళ్లిపోగా ఇద్దరే మిగిలిన పెద్దల ఇళ్ల గురించి నాకు ఎక్కువ బెంగ. అమ్మానాన్నలకు తోడుంటుందని కొడుకు డల్లాస్ నుంచి డబ్బు పంపి అల్సేషియన్ పిల్లను కొనిపిస్తాడు. ఏడాదికి ముప్పై కిలోలు దాటిన కుక్క గొలుసు లాగితే డెబ్బై ఏళ్ల మనిషి కింద పడతాడు. ఆ ఇంటికి కావలసింది నిదానించిన పెద్ద కుక్క, పదిహేను కిలోల లోపుది, ఇంటి అలవాట్లు వచ్చినది. గుంటూరులో మా పెదనాన్న వాళ్లు కిందటేడు అయిదేళ్ల ఊర కుక్కను తీసుకున్నారు. ఇచ్చేముందు షెల్టరు అమ్మాయి ఒకే ప్రశ్న అడిగింది, మీరు ఆర్నెల్లు అమెరికా వెళ్తే దీన్నెవరు చూస్తారని. మా పెద్దమ్మ వెనక్కి వచ్చేసి, ఎదురింటి మేస్త్రి భార్యతో వారంపాటు మాట్లాడి, ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. టీకాల పుస్తకంలో యజమాని పేరు పక్కన రెండో పేరుగా ఆమెది రాయించాకే కుక్కను ఆటో ఎక్కించారు.